మా చౌరస్తాకు ఒక తేదీ కావాలి

హైదరాబాద్‌లో మా కాలనీ ప్రధాన వీధి పెద్ద రోడ్డులో కలిసే చోట, సరిగ్గా ఎడమ మలుపులో, ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. చుట్టూ తుప్పు పట్టిన ఇనుప కంచె, కంచె మొదట్లో పడేసిన కొబ్బరి బోండాలు, ఆ పక్కనే మూత సగం విరిగిన నాలా. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇరవై అడుగులు వెనక్కి జరిపితే ఎడమకు తిరిగే వాహనాలకు దారి దొరుకుతుంది, బస్సు కోసం నిలబడేవారికి చోటు దొరుకుతుంది, ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా మా వీధి పొడవునా నిలిచిపోయే వాహనాల బారు సగానికి తగ్గుతుంది. ఈ మాట మేము పుట్టించింది కాదు. 2017లో స్థలం చూడటానికి వచ్చిన ఇంజనీరే మా కాలనీ సంక్షేమ సంఘానికి అప్పట్లో అధ్యక్షులుగా ఉన్న విశ్రాంత ఉపాధ్యాయునికి మా అందరి ముందూ చెప్పిన మాట. ఆరు నెలల్లో పని పూర్తవుతుందని కూడా ఆయనే చెప్పారు. ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పటికీ అక్కడే ఉంది.

మేము అడిగినవి పెద్ద కోరికలు కావు. ట్రాన్స్‌ఫార్మర్ జరపడం, చౌరస్తాలో సిగ్నల్ పెట్టడం, బస్ స్టాప్ వరకు రెండు వందల మీటర్ల ఫుట్‌పాత్ వేయడం, నాలా మీద స్లాబు సరిచేసి తెల్ల గీతలు గీయడం, ఇంతే. ఫ్లైఓవర్ అడగలేదు, అండర్‌పాస్ అడగలేదు, ఎవరి ఇల్లూ కూల్చమని అడగలేదు. నగరం కట్టుకున్న వంతెనల ఖర్చు ముందు ఈ నాలుగు పనుల ఖర్చు లెక్కలోకి కూడా రాదు. అయినా ఎనిమిదేళ్ళు దాటిపోయాయి. ఈ ఆలస్యానికి డబ్బు లేకపోవడం కారణం కాదని, ఇంజనీర్లకు తెలియకపోవడం అంతకన్నా కాదని ఈ ఎనిమిదేళ్ళలో నాకు అర్థమైంది. ఆ చౌరస్తా మొత్తానికి బాధ్యుడైన మనిషి ఒక్కరూ లేకపోవడం, చెప్పిన తేదీ దాటిపోతే ఎందుకు దాటిందో రాతపూర్వకంగా చెప్పవలసిన అవసరం ఎవరికీ లేకపోవడం, ఈ రెండే అసలు కారణాలు.

ఫైలు నడిచిన తీరు చెబితే ఇది తెలుస్తుంది. రోడ్డు పురపాలక సంస్థది, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ శాఖది. జరపాలంటే విద్యుత్ శాఖ ఎస్టిమేటు వేయాలి, ఆ మొత్తాన్ని రోడ్డు గల సంస్థ డిపాజిట్ చేయాలి, ఆ తరువాత విద్యుత్ శాఖ తన గుత్తేదారుతో పని చేయించాలి. 2018 వేసవిలో మొదటి ఎస్టిమేటు తయారైంది. అది పురపాలక కార్యాలయంలో ఒక బల్ల మీదినుంచి మరొక బల్ల మీదికి వెళుతుండగా శాసనసభ ఎన్నికలు వచ్చి, డిసెంబరు వరకు నియమావళి పేరుతో ఆగింది. మళ్ళీ కదిలే లోపు 2019 ఏప్రిల్‌లో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. అవి అయ్యాక వెళ్ళి అడిగితే, కొత్త ఎస్‌ఎస్‌ఆర్ ధరలు, అంటే పనుల అంచనాకు ప్రభుత్వం నిర్ణయించే ధరల పట్టిక, వచ్చాయి గనుక పాత ఎస్టిమేటు చెల్లదని, మళ్ళీ వేయించాలని చెప్పారు. రెండో ఎస్టిమేటు చేతికందేసరికి 2020 మార్చి వచ్చింది, లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏడాది పనులు జరగకపోవడాన్ని నేను తప్పుపట్టను. అదే ఏడాది డిసెంబరు 1న నగర పాలక ఎన్నికలు జరిగాయి. ఇంటింటికీ వచ్చిన అభ్యర్థులందరూ, ఏ పార్టీ వారైనా సరే, ఆ ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే నిలబడి ఫోటోలు దిగి, మొదటి పని ఇదేనని మాట ఇచ్చారు.

ఆ తరువాత డిపాజిట్ మంజూరైందని విన్నాం. అయితే జరపవలసిన కొత్త స్థలం కింద మంచినీటి పైపు ఉందని, ఆ విభాగం నుంచి అనుమతి రావాలని తేలింది. అనుమతి వచ్చేసరికి వర్షాకాలం. వర్షాకాలంలో రోడ్డు తవ్వకూడదు. వర్షాలు తగ్గాక టెండర్ పిలిస్తే ఎవరూ వేయలేదన్నారు. పని చిన్నది, పాత బిల్లులు రావాలి, అందుకని గుత్తేదారులు ముందుకు రావడం లేదని ఒక ఉద్యోగి నాతో నిజాయితీగా చెప్పారు. ఆయన గొంతులో విసుగు లేదు, అలసట ఉంది. ‘సారూ, మీరు తిరిగినట్టే మేము గూడ తిరుగుతున్నం, మా చేతుల ఏమున్నది’ అన్నారు. ఆయన మాటను నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఎనిమిదేళ్ళలో ఆ కుర్చీలో ఐదుగురు మారారు. ప్రతి కొత్త అధికారికీ మేము మొదటినుంచి కథ చెప్పాము, ప్రతి ఒక్కరూ స్థలానికి వచ్చి చూశారు, ప్రతి ఒక్కరూ తలూపారు. వారిలో ఏ ఒక్కరూ సోమరి కాదు, చెడ్డవారు అసలే కాదు. అయినా పని జరగలేదు. అందుకే ఈ విషయంలో కోపాన్ని మనుషుల మీద చూపించడం తేలికే గాని దానివల్ల ప్రయోజనం లేదని అంటున్నాను.

ఒక చౌరస్తాను నిలబడి చూడండి. కింద తారు ఒక సంస్థది, తారు కింద పైపు మరొకరిది, పక్కన స్తంభం ఇంకొకరిది, సిగ్నల్ వెలిగించి ఆర్పే అధికారం పోలీసులది, బస్సు ఎక్కడ ఆగాలన్నది రవాణా సంస్థ చెప్పాలి, రోడ్డు జాతీయ రహదారి అయితే దాని మీద పెత్తనం వేరే. రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూలు పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాల్లో రోడ్లు, వంతెనలు, వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్ స్టాపులు అన్నీ ఉన్నాయి. ట్రాఫిక్ అన్న మాట మాత్రం లేదు. ఆ లోటు కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది గాని, రోడ్డు మీద ప్రతిరోజూ కనిపిస్తుంది. 2007 ఏప్రిల్‌లో పాత నగర పాలక సంస్థలో చుట్టుపక్కల పన్నెండు పురపాలక సంఘాలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడినప్పుడు, ఇక అన్నీ ఒక్క గొడుగు కిందికి వచ్చాయని మా కాలనీలో సంబరపడిన వారిలో నేనూ ఒకణ్ణి. నిజానికి ఒక్కటైనవి సరిహద్దులే. చౌరస్తాలో గుమిగూడిన శాఖలు ఎప్పటిలాగే వేరువేరుగా ఉండిపోయాయి.

ఈ నగరానికి చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరం కకావికలైన తరువాత నాలుగేళ్ళకు, 1912లో, నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు వీధులు వెడల్పయ్యాయి, పత్థర్‌గట్టీలో మనం ఈనాటికీ చూసే రాతి కమానుల అంగళ్ళ వరస ఆ కృషి ఫలితమే. ఈ కాలం సంగతే చూసినా, 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009లో తెరుచుకుంది. 2017 నవంబరులో మెట్రో మొదలైంది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ వరకు ఉక్కు వంతెన తెరిచారు. ఆ ఇరుకు ప్రాంతంలో, ఆ రద్దీ నడుమ అంత పని జరిగిందంటే మన ఇంజనీర్ల మీద నాకు గౌరవమే కలుగుతుంది. ఎల్బీ నగర్ చౌరస్తాలో పదేళ్ళ కిందట ఎంతసేపు నిలబడేవాళ్ళమో గుర్తున్న వారెవరూ ఆ ఫ్లైఓవర్లను, అండర్‌పాస్‌లను తక్కువ చేసి మాట్లాడలేరు.

మరి అంత పెద్ద పనులు చేయగలిగిన నగరం ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎందుకు జరపలేకపోతోంది? పెద్ద పనికి ఒక పేరు ఉంటుంది, ఒక శిలాఫలకం ఉంటుంది, దాన్ని వారం వారం సమీక్షించే మంత్రి ఉంటారు, భూసేకరణ మొదలు పైపుల తరలింపు దాకా అన్ని శాఖలనూ ఒక్క గదిలో కూర్చోబెట్టే అధికారం గల మనిషి ఉంటారు. చిన్న పనికి ఇవేవీ ఉండవు. ఫుట్‌పాత్‌కు శంకుస్థాపన జరగదు. తెల్ల గీతలను ప్రారంభించడానికి ఎవరూ రారు. అటు చూస్తే, నగరంలో కాలినడకన, బస్సులో, సైకిల్ మీద తిరిగే మనిషి రోజూ ఎదుర్కొనేది ఈ చిన్న పనుల లోటునే. ఫ్లైఓవర్ దిగిన కారు చివరికి వచ్చి ఆగేది కూడా మా చౌరస్తా లాంటి చోటే.

పెద్ద పనులు కూడా అన్నీ సకాలంలో జరిగాయని నేను అనడం లేదు. మాకు దగ్గరలోనే వరంగల్ రహదారి మీద, ఉప్పల్ నుంచి నారపల్లి వరకు 6.2 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై, ఏళ్ళ తరబడి స్తంభాల దగ్గరే ఆగిపోయిన సంగతి ఆ దారిన వెళ్ళిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పైన వంతెన రాకపోవడం కన్నా కింద రోడ్డు పాడైపోవడం జనాన్ని ఎక్కువ బాధించింది. వంతెన వస్తుంది కదా అని కింద రోడ్డు వేయలేదు, కింద రోడ్డు లేక వానాకాలంలో బురద, ఎండాకాలంలో దుమ్ము. ఆ దుమ్ములో దుకాణాలు నడుపుకుంటూ దగ్గు తెచ్చుకున్న వాళ్ళు నాకు తెలుసు. అదే ఏడాది శంకుస్థాపన జరిగిన అంబర్‌పేట ఫ్లైఓవర్ మీద వాహనాలు తిరగడానికి 2025 వరకు పట్టింది. అక్కడ భూసేకరణ పెద్ద చిక్కు.

అయితే ఆలస్యాలన్నింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కేబీఆర్ పార్కు చుట్టూ బహుళ అంతస్తుల ఫ్లైఓవర్లు కట్టాలన్న పాత ప్రణాళిక మీద చెట్ల నరికివేతకు వ్యతిరేకంగా నగరవాసులే పోరాడారు, 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అడ్డు చెప్పింది. ఆ ఆలస్యం మీద నాకు ఫిర్యాదు లేదు. అక్కడ వాదన జరిగింది, రెండు పక్షాలు తమ కారణాలను బహిరంగంగా చెప్పాయి, ఎందుకు ఆగిందో అడిగిన ప్రతివారికీ తెలుసు. తెలిసిన కారణంతో ఆగిన పనిని మనిషి భరించగలడు. ఎందుకు ఆగిందో, ఎవరి దగ్గర ఆగిందో, ఎప్పుడు కదులుతుందో తెలియని ఆలస్యం మనిషిని వేరే విధంగా కుంగదీస్తుంది. అడగడం మానేస్తాడు. మా సంఘం సమావేశానికి 2017లో హాలు నిండా జనం వచ్చారు. మొన్నటి సమావేశానికి తొమ్మిదిమందిమి కూర్చున్నాం.

సిగ్నల్ అడిగితే మాకు దక్కినవి బారికేడ్లు. కొన్నేళ్ళుగా నగరమంతటా కూడళ్ళు మూసి యూటర్న్‌లు పెడుతున్నారు. మా చౌరస్తానూ అలాగే మూశారు. సిగ్నల్ వచ్చే వరకు తాత్కాలికంగా అన్నారు. కార్లకు దీనివల్ల కొంత మేలు జరిగిందన్నది వాస్తవమే. ఎదురెదురుగా ఇరుక్కుపోయి పావుగంట కదలని స్థితి పోయింది. కాని అవతలి వైపు వెళ్ళాలంటే ఏడు వందల మీటర్లు పోయి తిరిగి రావాలి. పెట్రోలు ఖర్చు ఆలోచించే వాడు, సమయం లేని వాడు ఆ దూరం పోడు. రాంగ్ రూట్‌లో, ఫుట్‌పాత్ ఉండవలసిన అంచు వెంబడి, నడిచే వారి మీదికి బండి నడుపుతాడు. డెలివరీ కుర్రాళ్ళను మనం తేలికగా తిడతాం. పది నిమిషాల్లో చేర్చాలన్న ఒత్తిడిలో ఉన్న మనిషి ముందు కిలోమీటరున్నర చుట్టు దారి పెట్టినప్పుడు అతడు ఏం చేస్తాడో రోడ్డు గీసే వారికి ముందే తెలిసి ఉండాలి.

ఇక నడిచేవారు. యూటర్న్ పద్ధతిలో వాహనాలు ఎప్పుడూ ఆగవు, అదే దాని ఉద్దేశం. వాహనాలు ఆగని చోట మనిషి దాటేది ఎప్పుడు? పాదచారి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్నది సిగ్నల్ సమయం లెక్కించేటప్పుడు ఇంజనీర్లు సాధారణంగా తీసుకునే వేగం. మా రోడ్డు డివైడరుతో కలిపి దాదాపు 24 మీటర్లు. అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇరవై సెకన్లు కావాలి. మోకాళ్ళ నొప్పులతో నడిచే మా అమ్మలాంటి వారికి ముప్పై అయిదు. ఆ ముప్పై అయిదు సెకన్లు మా రోడ్డు మీద తెల్లవారుజామున తప్ప ఏ వేళా దొరకవు. అవతలి వైపున్న గుడికి మా అమ్మ నాలుగేళ్ళుగా వెళ్ళడం లేదు. దూరం నూరు మీటర్లు కూడా ఉండదు. ఆటోలో తీసుకువెళతానంటే, ‘గుడికి పోవాల్నంటే ఆటో ఎందుకురా, నా కాళ్ళతో పోతేనే పోయినట్టు’ అంటుంది.

మా వైపు తప్పులు లేవని నేను చెప్పలేను. మా వీధిలో ఇంటింటికీ గేటు ముందు రోడ్డు మీదికి మూడు నాలుగు అడుగులు చొచ్చుకొచ్చిన ర్యాంపు ఉంది. రెండేళ్ళ కిందటి వరకు మా ఇంటికీ ఉంది. కారు లోపల పెట్టుకునే చోటు ఉన్నా బయట నిలిపే ఇళ్ళు పదికి తక్కువ లేవు. మలుపు దగ్గరి స్థల యజమాని ఆరు అడుగులు వదిలితే సగం సమస్య తీరేది. రోడ్డు వెడల్పుకు స్థలం ఇచ్చిన వారికి ఇచ్చిన దానికి నాలుగింతలు, అంటే 400 శాతం, బదిలీ చేయదగిన అభివృద్ధి హక్కుగా (వేరే చోట అదనంగా కట్టుకోవడానికో, ఇతరులకు అమ్ముకోవడానికో పనికొచ్చే పత్రంగా) ఇచ్చే విధానం 2017 చివరినుంచి ఉంది. ఆ సంగతి ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి వివరించలేదు. వివరించిన తరువాత కూడా ఆ కాగితాన్ని డబ్బుగా మార్చుకోవడం మీద ఆయనకు నమ్మకం కుదరలేదు. ఆయనను స్వార్థపరుడని కాలనీలో కొందరు అంటారు. నాకు అలా అనాలనిపించదు. తేదీలన్నీ దాటిపోవడం చూసిన మనిషి కాగితం మీది హామీని నమ్మకపోవడంలో వింత లేదు. ఒక చోట మాట తప్పితే దాని నష్టం మరో చోట ఇలా కనబడుతుంది.

సమాచార హక్కు చట్టం కింద కూడా అడిగాం. పది రూపాయల రుసుముతో దరఖాస్తు, ముప్పై రోజుల గడువు. ఇరవై తొమ్మిదో రోజున సమాధానం వచ్చింది. ‘పరిశీలనలో ఉన్నది’ అని. ఎవరి పరిశీలనలో, ఏ తేదీ నుంచి, ఏ అంశం తేలవలసి ఉన్నదని మొదటి అప్పీలు వేస్తే, ఆ ఫైలు తమ విభాగం నుంచి వెళ్ళిపోయిందని, అక్కడ అడగమని రాశారు. చట్టం తన పని తాను చేసింది. ఉన్న సమాచారాన్ని ఇప్పించగలిగింది. లేని బాధ్యతను మాత్రం ఏ చట్టమూ కాగితంలోంచి తీసి ఇవ్వలేదు.

2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 198ఏ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం పొందినా, బాధ్యులైన సంస్థకు, గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. మంచి సెక్షనే. కాని అది మేలుకోవడానికి ముందు ఒక ప్రాణమో ఒక కాలో పోవాలి. మా చౌరస్తాలో నాలా అంచున జారి చెయ్యి విరిగిన పిల్లవాడు ఉన్నాడు; చెయ్యి అతుక్కుంది గనుక అది లెక్కలోకి రాదు. అటువంటి లెక్కలోకి రాని దెబ్బలు ప్రతి కాలనీలో ఉన్నాయి.

నేను కోరేది కొత్త పథకం కాదు. 2020 నుంచి ఐదేళ్ళపాటు నగరంలోని 709 కిలోమీటర్ల ప్రధాన రహదారుల నిర్వహణను ప్యాకేజీలుగా విడగొట్టి ఏజెన్సీలకు అప్పగించారు. ఆ పద్ధతి మంచి చెడ్డల మీద ఎంత చర్చ అయినా చేయవచ్చు గాని, ఏ రోడ్డు మీద గుంత పడితే ఎవరిని అడగాలో కనీసం తెలిసింది. కూడళ్ళకు కూడా అలాగే చేయవచ్చు. ప్రతి కూడలికి ఒక అధికారి పేరు, ఆ అధికారికి అన్ని శాఖల వారిని నెలకొకసారి స్థలం మీదికి పిలిపించే అధికారం, చేయవలసిన పనుల పట్టిక, ఒక్కొక్క పనికి ఒక తేదీ. తేదీ దాటితే ఎందుకు దాటిందో రెండు వాక్యాలు రాసి అదే చౌరస్తాలో బోర్డు మీద పెట్టాలి. సినిమా పోస్టర్లు అంటించుకోవడానికి ఆ గోడ మీద చోటుంది, దీనికి ఉండదా? తేదీ రెండేళ్ళ తరువాతిదైనా మేము ఒప్పుకుంటాం. మూడేళ్ళయినా ఒప్పుకుంటాం. పిల్లల బడి మార్చుకోవాలా, ఇల్లు అమ్ముకోవాలా, అమ్మను కింది వీధిలోని గుడికి అలవాటు చేయాలా అన్నవి ఆ తేదీని బట్టి నిర్ణయించుకోవలసిన విషయాలు.

వార్డు కమిటీలు ఈ పని చేయాలని చట్టం ఎప్పుడో చెప్పింది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా గల నగరాల్లో అవి ఉండాలన్నది రాజ్యాంగం 74వ సవరణ నాటి మాట. 2020లో మన నగర పాలక చట్టాన్ని సవరించినప్పుడు ప్రతి వార్డుకు యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలు, ఒక్కొక్క దానిలో 25 మంది అని రాశారు. వార్డుకు నూరు మంది. ఆ నూరు మందిలో పదిమంది నెలకొకసారి మా చౌరస్తాలో అరగంట నిలబడినా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఫైలు ఏ బల్ల మీద ఉందో ఈపాటికి తేలి ఉండేది.

మొదటి వినతిపత్రం నకలు నా దగ్గర ఉంది. 112 సంతకాలు. వాటిలో పదకొండుమంది ఇప్పుడు లేరు. అధ్యక్షులుగా ఉన్న ఆ ఉపాధ్యాయులు వారిలో ఒకరు, చివరి ఏడాది వరకు ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని బస్సులో వెళ్ళేవారు. ఇరవైకి పైగా కుటుంబాలు ఇళ్ళు మారాయి. వచ్చే సోమవారం మేము మళ్ళీ వెళుతున్నాం. ఈసారి వినతిపత్రంలో నాలుగు పనుల పేర్లూ రాయలేదు, పాత అర్జీల నంబర్లు మాత్రం వరసగా రాసి, కింద ఒక ఖాళీ గీత గీశాం. ఆ గీత మీద అధికారి తన చేత్తో ఒక తేదీ రాసి, సంతకం చేసి, మాకు తిరిగి ఇవ్వాలి.